గుత్తకిచ్చిన మామిడి తోట: కొట్టేయాల్నా, ఉంచాల్నా?

ప్రశ్న: అక్కా, మాది నర్సంపేట దగ్గర ఊరు. తాత పెట్టిన మామిడి తోట 6 ఎకరాలు ఉన్నది, చెట్లకు 35 ఏండ్లుంటయి. ఎక్కువ బంగినపల్లి, కొన్ని దసేరి, గట్టు పొంటి నాలుగు రసాలు. తాత పోయినంక బాపు తోటను గుత్తకే ఇస్తున్నడు. రెండేండ్ల సంది పూత మంచిగనే వస్తున్నది గని నిలుస్తలేదని గుత్తేదారు రేటు తగ్గించిండు. కాయ కోత అయిపోయింది, ఇప్పుడే వచ్చే ఏడు అడ్వాన్స్ తీస్కోమని ఇంటికొస్తున్నడు. మా చిన్నబాపేమో చెట్లు ముసలియైనయి, కొట్టేసి ఆయిల్ పామ్ పెడ్దామంటడు. బాపుకు మోకాళ్ల నొప్పులు, తోటల తిరగలేడు, అయినా కొమ్మ మీద కత్తి పెట్టనియ్యడు. నేను హైదరాబాద్‌ల ప్రైవేట్ జాబ్ చేస్త, నా భార్య హన్మకొండల టీచర్. జాబ్ మానేసి తోట చూసుకుందామని నా మనసుల ఉన్నది, తనేమో ఊరికి రానంటున్నది. ఏం చేయమంటరు?
(ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా)

జవాబు: తమ్మీ, గుత్తేదారు అడ్వాన్స్ పట్టుకొని తిరుగుతున్నడంటే నీకు టైమ్ తక్కువున్నది, అందుకే ముందుగాల జవాబు చెప్పి ఎందుకో తర్వాత చెప్త. చెట్లు కొట్టొద్దు. జాబ్ ఇప్పుడే మానెయ్యొద్దు. తోట మొత్తాన్ని పూత రాకముందే గుత్తకు రాసియ్యొద్దు. ఈ మూడింట్ల అసలుది మూడోది, మిగతా రెండింటికి జవాబు దాంట్లకెల్లే వస్తది.

35 ఏండ్ల మామిడి ముసలిది కాదు. మాది జగిత్యాల దిక్కు తోట, మా మామ పెట్టింది, నేనూ మా ఆయన చూసుకుంటం, మా చెట్లు మీ వాటికన్న పెద్దయి, ఇంకా కాస్తున్నయి. మీ తోటకు వచ్చిన రోగం వయసు కాదు. జూన్ నుంచి డిసెంబర్ దాంక ఆ చెట్ల దిక్కు చూసేటోడు లేడు, అదీ రోగం. గుత్తేదారు పూత కనవడ్డప్పుడు మందు డ్రమ్ము పట్టుకొని వస్తడు, కాయ తెంపుకొని పోతడు, అంతే గదా అతని పని. అతను చెడ్డోడని నేను అంటలేను, ఏడాది పట్టాకు తీసుకున్నోడు పదేండ్ల తర్వాత ఆ చెట్టు ఎట్లుంటదో ఎందుకు ఆలోచిస్తడు? బాపేమో తోట గుత్తకిచ్చిన గదా అని ఊకుంటడు. నడుమ చెట్టు ఉపాసముంటున్నది.

మామిడి ఎట్ల కాస్తదో జెర ఇడమరిచి చెప్త, ఇది తెలిస్తే నీ సగం ప్రశ్నలకు నువ్వే జవాబు చెప్పుకుంటవ్. డిసెంబర్, జనవరిల మనకు కనవడే పూత ఆ నెలల తయారయ్యేది కాదు. జూన్, జులై వానలకు కొమ్మ కొసకు ఎర్రగ లేత చిగురు వస్తది, అది ఆగస్టు దాంక ఎదిగి, నాలుగైదు నెలలు ముదిరి, ఆకు గట్టిపడి ముదురు పచ్చ రంగుకు వచ్చినంక, నేల ఆరి చలి పడ్డప్పుడు అదే కొసకు పూత ఇరుస్తది. కాయలు తెంపినంక చెట్టు అలిసిపోయి ఉంటది, అప్పుడు తిండి పెట్టకపోతే చిగురు లేటయితది, సెప్టెంబర్, అక్టోబర్‌ల వచ్చిన లేత చిగురు ఆ చలికాలానికి ముదరదు, ఆ కొమ్మ ఆ ఏడు ఖాళీ. ఒక ఏడు కాసి ఇంకో ఏడు కాయకపోవుడు కొంత మామిడి గుణమే, దసేరికి అది ఇంకా ఎక్కువ, గని మన చేతుల ఉన్న భాగం కూడా చిన్నది కాదు, అది జూన్, జులైల ఉన్నది.

నువ్వు రాసిన దాంట్ల ఒక మాట నాకు ధైర్యం ఇచ్చింది, పూత మంచిగనే వస్తున్నదన్నవ్. అంటే కొమ్మలు ముదురుతున్నయి, చెట్టుల సత్తువ ఉన్నది. నిలుస్తలేదంటే వేరే కారణాలు చూడాలె. అయితే ఒకటి యాదికుంచుకో, ఒక్కో పూగుత్తిల వెయ్యికి పైన పూలుంటయి, దాంట్ల ఒకటి రెండు కాయలు ఆఖరు దాంక నిలిచినా అది మంచి కాతనే, కింద పూత రాలి పరిచినట్లు కనవడంగనే భయపడొద్దు. ఆ గుత్తికి ఒక్క కాయ కూడా లేకుంట ఎండిపోతున్నదంటేనే లెక్క వేరే. మన దిక్కు ఎక్కువ దెబ్బ తీసేది తేనెమంచు పురుగు, బూడిద తెగులు. పూగుత్తి మీద, ఆకుల మీద జిగురు జిగురుగ ఉండి, తర్వాత నల్ల మసి పట్టిందంటే తేనెమంచు. పూకాడలకు తెల్ల పొడి చల్లినట్లున్నదంటే బూడిద తెగులు. మబ్బులు పట్టి, పొద్దుగాల మంచు కురిసే రోజులల్ల రెండూ ఎగబడ్తయి. ఈ రెండేండ్లు మీ తోటల ఏం కనవడ్డదో బాపును అడుగు, గుత్తేదారును కాదు.

ఇంకొకటి గుత్తేదారునే అడగాలె, నిమ్మళంగ, కొట్లాటకు పోకుంట. పాక్లోబ్యూట్రజాల్ పోసిండా అని అడుగు, ఊర్లల్ల కల్టార్ పోసుడు అంటరు, చెట్టు మొదట్ల పోస్తే ఎదుగుడు ఆగి పూత బలవంతంగ వస్తది. లెక్క ప్రకారం, బలమున్న చెట్టుకు, చెట్టు గొడుగు అంటే కొమ్మలు పరుచుకున్న మేర, దాని వెడల్పును బట్టి, పోసిన ఏడు ఎరువు ఎక్కువ పెట్టి చేస్తే దాంతోని లాభమే ఉన్నది, నేను వద్దనను. గుత్తకు తీసుకున్నోడు ఏటేటా పోసి ఎరువు మాత్రం ఎయ్యకపోతే చెట్టు ఏమైతది? కొమ్మల కొసలు కుదించుకపోయి, ఆకులు గుత్తులు గుత్తులుగ పొట్టిగ వస్తయి, పూత కనవడ్తది గని కాయను మోసే సత్తువ ఉండది. నువ్వు రాసిన దానికి ఇది కూడా కారణం కావచ్చు. చెట్టు కొసలు చూసి రా, గణుపులు దగ్గర దగ్గర ఉన్నయా అని. ఉంటే రెండు మూడేండ్లు ఆ మందు జోలికి పోకుండ తిండి పెట్టు, తేరుకుంటది.

ఇప్పుడు పనికి వస్తం. వానలు పడేలోపు తోటంత ఒకసారి నడువు, బాపును ఎడ్లబండి మీదనో బైక్ మీదనో తీసుకపోయి నీడకు కూసోబెట్టు. 6 ఎకరాలల్ల 10 మీటర్ల దూరంతోని పెట్టి ఉంటరు, అంటే ఎకరానికి 40 చెట్లు, మొత్తం 240 దాంక. ఏ చెట్టు ఏ ఏడు ఎంత కాసిందో బాపుకు నోటికి ఉంటది. ఆయన చెప్తుంటే నువ్వు మూడు రంగులు పెయింట్ పెట్టు, మంచి చెట్టుకు ఒకటి, నడిమి దానికి ఒకటి, కాయనే కాయని దానికి ఒకటి. 35 ఏండ్ల తోటల కాయని చెట్లు కొన్ని తప్పకుంట ఉంటయి, వాటి మీద పెట్టే ఖర్చు మంచి చెట్లు మోస్తుంటయి.

కొమ్మలు కొట్టుడు గురించి బాపుకు భయమున్నది, ఆ భయంల న్యాయం ఉన్నది. ఊర్లల్ల చెట్టును మోడు చేసి రెండేండ్లకు చచ్చిపోయినయి ఆయన చూసే ఉంటడు. అందుకే మొదటి ఏడు పెద్ద కొమ్మల జోలికి పోకు. జూన్ ఆఖరుల్ల, జులై మొదట్ల ఎండుకొమ్మలు, తెగులు కొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునేటియి, నేలకు తాకేటియి, కాయ తెంపిన కొసలు తీసెయ్యి. చెట్టు నడిమి నుంచి నిలువుగ పోయే కొమ్మ ఒక్కటి తీస్తే లోపలికి ఎండ దిగుతది, గాలి ఆడ్తది, అట్లయితే తేనెమంచు తగ్గుతది, దానికి నీడ, తేమ కావాలె. కోసిన కాడ బోర్డో పేస్ట్ పుయ్యాలె, 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లల్ల, విడివిడిగ కలిపి తర్వాత ఒక్కటి చెయ్యాలె, ఇనుప గిన్నెల కలపొద్దు. మొదలుకు కూడా 3 అడుగుల ఎత్తు దాంక అదే పుయ్యి. కాండం మీద రంధ్రాలు, వాటి కింద రంపపు పొట్టు లెక్క పడి ఉంటే కాండం తొలిచే పురుగు ఉన్నట్లు, తీగ పెట్టి గీకి పురుగును తీసి, పెట్రోల్‌ల ముంచిన దూది పెట్టి మట్టితోని మూసెయ్యాలె. ఇది బద్ధకిస్తే పెద్ద చెట్టు కూడా నిలువునా ఎండుతది.

కాయని చెట్లకు, బాగ గుబురైన వాటికి పెద్ద కోత రెండో ఏడు నుంచి ఒక్కో వరుస చొప్పున పెట్టుకో, ఒక్కసారే తోటంత పెట్టకు. పెద్ద కోత పెట్టిన చెట్టు రెండేండ్లు కాయదు, మూడో ఏడు సంది మొదలయితది, అందుకే వరుసలు మార్చి చేస్తే ఇంట్ల పైసలు ఆగయి. కోసినంక గుంపులు గుంపులు చిగుర్లు వస్తయి, బలమైనయి కొన్ని ఉంచి మిగతాయి గిల్లెయ్యాలె, లేకుంటే మళ్ల పొద అయితది. కాయని బంగినపల్లి మీద హిమాయతో, కేసరో అంటు కట్టుకోవచ్చు కూడా, చెట్టు వేరు పాతదే ఉంటది కాబట్టి కొత్త మొక్క కన్న జల్ది కాతకొస్తది. ముదురు తోటల పునరుద్ధరణకు ఉద్యాన శాఖల సబ్సిడీ స్కీం ఉన్నది, ఈ ఏడు మీ జిల్లాకు వచ్చిందా అని నర్సంపేటల ఉద్యాన అధికారిని కలిసి అడుగు. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికి పోయి మట్టి పరీక్ష కూడా చేయించు, చెట్టు గొడుగు అంచు కింద 1 అడుగు, 2 అడుగులు, 3 అడుగుల లోతుల నుంచి వేరేవేరేగ మట్టి తియ్యాలె, పొలానికి తీసినట్లు పైపైన గోకి తీస్తే తోటకు పనికిరాదు.

ఎరువు సంగతి. 10 ఏండ్లు దాటిన చెట్టుకు ఏడాదికి నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి 1 కిలో, పశువుల ఎరువు 50 కిలోలు అని సిఫారసు. బస్తా లెక్కల చెప్తే యూరియా 2 కిలోల పైన, సూపర్ ఫాస్ఫేట్ 6 కిలోల పైన, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కిలోన్నర పైన అయితది. మొదట్ల పోస్తే తినే వేర్లకు అందది, గొడుగు అంచు కింద చుట్టూ చిన్న కాలువ తీసి, తడి ఉన్నప్పుడు వేసి కప్పాలె. 240 చెట్లకు ఈ లెక్కల పైసలు మస్తయితయి, నాకు తెలుసు. రంగు పెట్టిన మంచి చెట్లకు ముందుగాల పూర్తిగ వెయ్యి, మిగతా వాటికి సగం. మీ దగ్గర చెరువు పూడిక మట్టి దొరుకుతదా చూడు, 2015ల మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మా దిక్కు ఎర్ర చెల్క తోటలకు ఆ నల్లమట్టి కొట్టించుకున్నోళ్లు ఇప్పటికీ దాని ఫలం చూస్తున్నరు. తొలకరికి జనుమో జీలుగో చల్లి, ఆ పైరు పూతకొచ్చినప్పుడు కలియదున్నితే అది కూడా ఎరువే, ఖర్చు విత్తనాలదే.

నీళ్ల గురించి చాలా తోటలు పాడయితయి, అందుకే ఇక్కడ జెర ఆగుత. అక్టోబర్ దాటినంక పూగుత్తి బయటికొచ్చే దాంక చెట్టుకు నీళ్లు పెట్టొద్దు. ఆ ఎండబెట్టుడే పూతను పిలుస్తది. కాయ బఠాణీ గింజంత అయినంక చిన్న తడితోని మొదలుపెట్టాలె, మొదటి రోజే బోరు తిప్పి ముంచితే పిందె రాలుతది. కోతకు 15, 20 రోజుల ముందు ఆపెయ్యాలె, అప్పుడు కాయ తీపి, నిల్వ రెండూ బాగుంటయి. మా దిక్కు చెట్ల నడుమ పసుపు పెడ్తరు, నీడకు మంచిగనే వస్తది, గని పసుపుకు డిసెంబర్ దాంక తడి కావాలె, మామిడికి అదే టైమ్‌ల ఎండాలె, రెండింటిని ఒక్కటే మడిల పెట్టి మామిడి పూయలేదని ఏడ్చేటోళ్లున్నరు. నడుమ పంట కావాలంటే వానకాలం పెసరో అలసందో వేసుకో, వానలతోని అయిపోతది.

పూత టైమ్‌ల మందులు ఎన్నిసార్లు కొట్టినవన్నది కాదు, ఎప్పుడు కొట్టినవన్నది లెక్క. పూగుత్తి బయటికొచ్చి పూలు ఇంకా ఇచ్చుకోకముందు ఒకసారి, పిందె బఠాణీ గింజంత ఉన్నప్పుడు ఒకసారి. బూడిద తెగులుకు నీటిల కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, తేనెమంచుకు ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు 0.3 మిల్లీలీటర్. పూత నిండుగ ఇచ్చుకున్నప్పుడు మందు కొట్టకు. ఈగలు, తేనెటీగలు అప్పుడే పనిచేస్తయి, వాటిని చంపి పిందె నిలుస్తలేదంటే ఎట్ల నిలుస్తది. గుత్తేదార్లు భయానికి వారం వారం కొడ్తరు, మీ తోటల రెండేండ్ల సంది అదే జరిగిందేమో కనుక్కో. మార్చి నెల సంది పండుఈగను వాసనతోని గుంజి పట్టే మిథైల్ యూజినాల్ బుట్టలు ఎకరానికి 6 నుంచి 10 కట్టు, అది చిన్న ఖర్చే. మంచి చెట్ల కాయలకు కవర్లు కడ్తే మచ్చ లేకుంట వస్తది, రేటు కూడా వేరే పలుకుతది, కూలి దొరికితేనే చెయ్యి.

ఇగ గుత్త సంగతి. మీ బాపు గుత్తకు ఎందుకిస్తున్నడో ఒకసారి ఆలోచించు. జూన్‌ల పత్తికి, వరికి పెట్టుబడి కావాలె, పిల్లల ఫీజులు కట్టాలె, అప్పుడే గుత్తేదారు పైసలు చేతుల పెడ్తడు. దానికి తోడు గాలిదుమారం భయం. 2023 మార్చిల వడగళ్లు వరంగల్, కరీంనగర్ దిక్కు మక్క, మిర్చి, మామిడి అన్నీ కొట్టుకుపోతే ప్రభుత్వం ఎకరానికి 10,000 ప్రకటించింది, తోటకు ఆ పైసలు ఏ మూలకు? 2020ల రాష్ట్రం కేంద్రం పంటల బీమా, అదే ఫసల్ బీమా నుంచి బయటికొచ్చినంక మనకు భద్రత అన్నది ఏముండె? పూత మీద గుత్తకిచ్చినోడు ఆ ఏడు బతికిండు. కాబట్టి గుత్త తప్పు అని బాపుతోని వాదించకు, ఆయన చేసింది ఇంటి కోసం.

నేను చెప్పేది సగం సగం. 3 ఎకరాలు నువ్వు చేతిల ఉంచుకో, మంచి చెట్లున్న దిక్కు. మిగతా 3 ఎకరాలు గుత్తకియ్యి, అది కూడా ఇప్పుడు కాదు, ఫిబ్రవరిల పిందె కనవడ్డంక. పిందె మంచిగ నిలిస్తే దాని మీద బేరం పూత ముందటి బేరం కన్న ఎక్కువ పలుకుతది, ఎందుకంటే కొనేటోనికి భయం తగ్గుతది. కాయితం రాసుకో. కల్టార్ పొయ్యొద్దు, నన్ను అడగకుంట కొమ్మ కొట్టొద్దు, ఏ మందు ఏ తారీఖు కొట్టిండో రాసి చూపియ్యాలె, జూన్ మొదటి వారంకల్ల తోట ఖాళీ చెయ్యాలె, వడగళ్లు పడితే పైసలు ఎట్ల లెక్క కట్టాల్నో ముందే రాయాలె, నోటి మాటతోని పోయి తర్వాత పంచాయితీల కూసున్నోళ్లను నేను మస్తు మందిని చూసిన. జూన్ పెట్టుబడికి పైసలు ఎట్ల అని బాపు అడుగుతడు, ఇక్కడనే నీ జాబ్ పనికొస్తది, ఈ ఒక్క ఏడు ఆ అడ్వాన్స్ నీ జీతంలకెల్లి నువ్వు ఇయ్యి. జాబ్ ఎందుకు మానొద్దన్ననో ఇప్పుడు సమజైందా?

అమ్ముడు. నీ 3 ఎకరాలు బాగ కాసిన ఏడు చెట్టుకు క్వింటాల్ లెక్క కట్టినా 12 టన్నులయితది, మొదటి ఏడు అంత రాదు, సగమనుకో. అదంత ఇంటింటికి అమ్ముతననుకోకు. ఎక్కువ భాగం మార్కెట్‌కే పోతది, వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గరున్నది, రేటు తేడా చూసి జగిత్యాల చల్‌గల్ మార్కెట్‌కు కూడా పంపొచ్చు, ఉత్తరాది దసేరి జూన్‌ల దిగేదాంక మన కాయకు ఢిల్లీల గిరాకీ ఉంటది, మన ఏప్రిల్, మే రేట్లన్నీ ఆ గిరాకీ మీదనే నడుస్తయి. కమీషన్, తరుగు, హమాలీ ఎంత కోస్తున్నరో బండి దించకముందే అడుగు. మంచి రేటుకని ఏప్రిల్ మొదట్ల పచ్చి కాయ తెంపకు. భుజాలు తేలి, తొడిమె కాడ గుంట పడి, నీళ్లల్ల వేస్తే మునిగేదే తెంపే కాయ. చిక్కంతోని, తొడిమె జెర ఉంచి కొయ్యాలె, సొన కాయ మీద కారితే నల్ల చార పడి సగం ధరకు పోతది.

ఒక ఇరవై మంచి చెట్ల కాయ మాత్రం పక్కకు పెట్టు. మీ భార్య స్కూల్ ఉన్నది, హన్మకొండల మీ చుట్టాలు, పక్కింటోళ్లు ఉన్నరు, 5 కిలోల, 10 కిలోల డబ్బాలు, వరిగడ్డిల మాగబెట్టినయి, తోట పేరుతోని పంపు, హైదరాబాద్‌ల నీ ఆఫీసోళ్లకు ఆర్టీసీ కార్గోల వేసి పంపొచ్చు. జల్ది మాగాలని కార్బైడ్ ముట్టకు, అది చట్టం ప్రకారం నిషేధం, కాయ మాగబెట్టే గదులల్ల ఇథిలీన్ గ్యాస్ 100 పీపీఎం (గాలిల పది లక్షల వంతులకు 100 వంతులు) దాంక ఒప్పుకుంటరు, అంత అవసరం నీకు ఇప్పుడు లేదు. మనిషి పేరు పెట్టి అమ్మే కాయల ఒక్క డబ్బా చెడ్డదైనా ఆ ఇల్లు మళ్ల అడగది, అందుకే మొదటి ఏడు తక్కువ పంపు, మంచిది పంపు.

గాలికి రాలిన కాయ పారబొయ్యకు. పుల్లగున్నప్పుడే చెక్కు తీసి ముక్కలు కోసి ఎండబెడితే ఒరుగులు, వీటినే మార్కెట్ల ఆమ్‌చూర్ అంటరు. నిజామాబాద్ మార్కెట్ల ఆమ్‌చూర్‌కు పెద్ద బేరం నడుస్తది, పసుపు లెక్కనే దానికి కూడా అక్కడ యార్డుల వేలం అయితది, తెల్లగ మచ్చ లేకుంట ఎండిన దానికి రేటుంటది. మీ అవ్వకు, ఊర్లె ఆడోళ్లకు నెల రోజుల పని దొరుకుతది, గాలిదుమారం నష్టం మొత్తం కాకున్నా కొంత పూడుతది.

చిన్నబాపు ఆయిల్ పామ్ మాటకు కోపానికి రాకు, ఆయన కూడా తోట బాగుండాలనే అంటున్నడు. నీళ్లు పుష్కలంగ ఉన్న భూమికి అది మంచి పంటనే. ఎకరానికి 57 మొక్కలు, నాలుగో ఏడు దాంక గెలలు రావు, ఎండకాలం రోజుకు ఒక్కో చెట్టుకు రెండు వందల లీటర్ల పైన నీళ్లు తాగుతది. మీ బోరు ఏప్రిల్‌ల ఎంత పోస్తదో చూసి ఆయన ముందట లెక్క కట్టు. మామిడి చెట్టు ఒక ఎండకాలం నీళ్లు లేకున్నా కాయ తగ్గి బతుకుతది, పామ్ అట్ల బతకది. బోరు నిండుగున్నదని తేలితే, ఖాళీగున్న వేరే చెల్క ఉంటే దాంట్ల పెట్టుకోండ్రి, 35 ఏండ్లు పెరిగిన చెట్టును తీసి పెట్టే అవసరం ఏం లేదు.

బాపు గురించి. మోకాళ్లు నొస్తున్న మనిషి తోటల తిరగలేకపోతున్ననని లోపల ఎంత కుములుతుంటడో నీకు తెలుసా? గుత్తకిచ్చినంక ఆయన తోటకు పోవుడే మానుకొని ఉంటడు, పోతే తన చెట్టును ఇంకోడు తెంపుతుంటే చూడాలె. ఆయనను తప్పించి తోట నీ చేతుల తీసుకోకు. లెక్కల బుక్కు ఆయన చేతుల పెట్టు, కూలోళ్ల హాజరు ఆయననే రాయమను, ఏ చెట్టుకు కత్తి పెట్టాల్నో ఆయన చూపిస్తేనే పెట్టు, పెద్ద కోత రెండో ఏడుకు ఎందుకు జరిపిననంటే అందుకే, మొదటి ఏడు చిన్న కోత పెట్టిన చెట్లు మంచిగ పూస్తే ఆయననే ఈ కొమ్మ కూడా తియ్యమంటడు. మోకాళ్లకు డాక్టర్‌కు కూడా చూపియ్యి, పైసలు తోట మీద పెట్టేముందు దాని మీద పెట్టు.

మీ భార్య ఊరికి రానంటే అది తోటకు అడ్డం కాదు. నర్సంపేటకెల్లి హన్మకొండ గంట దారి. మామిడి వరి లెక్క రోజూ నీళ్లు కట్టే పంట కాదు, జూన్, జులైల రెండు వారాలు గట్టి పని, అక్టోబర్ దాంక పదిహేను రోజులకొకసారి చూస్తే సాలు, జనవరి, ఫిబ్రవరిల వారానికొకసారి, ఏప్రిల్, మేల రోజూ ఉండాలె. లీవులు జూన్‌కు, మే నెలకు దాచుకో, మిగతా శని ఆదివారాలల్ల అయితది, నెల జీతానికి ఒక నమ్మకమున్న మనిషిని పెట్టుకో, కోతులు, దొంగల కాపలాకు ఎట్లైనా కావాలె. ఈ జూన్ నుంచి వచ్చే జూన్ దాంక ప్రతి రూపాయి రాయి, గుత్తకిచ్చిన 3 ఎకరాల పైసలు ఒక దిక్కు, నీ 3 ఎకరాలల్ల ఖర్చు పోంగ మిగిలింది ఒక దిక్కు. ఆ రెండు అంకెలు ముందట పెట్టుకొని జాబ్ సంగతి తనతోని కూసొని మాట్లాడు, తనకు తెలియకుంట రాజీనామా పెట్టకు, తన జీతం ఇంట్ల ఉన్నందుకే నువ్వు ఇట్ల ఆలోచించగలుగుతున్నవ్.

గుత్తేదారుకు ఈ వారంలనే, పిందె మీద మాట్లాడుకుందామని చెప్పి పంపు. మట్టి పరీక్ష రిపోర్ట్ వచ్చినంక, ఏప్రిల్‌ల బోరు ఎంత పోసిందో, రంగు పెట్టిన చెట్లు ఏ రంగుయి ఎన్నున్నయో రాసి మళ్ల పంపు తమ్మీ, ఎరువు లెక్క చెట్టు చెట్టుకు కట్టి చెప్త.